పాత కారునకు కొత్త చట్రము

వాల్వులతో పనిచేయు పాత రేడియోను వెనుక అట్ట ఊడదీసి చూచినవారు ఒక సంగతి గమనించియే యుందురు. వాల్వులు, ట్రాన్స్‌ఫార్మరు, కండెన్సర్లు అన్నియు ఒక రేకు పళ్ళెము మీద బిగింపబడి యుండును. దానికి చాసిస్ అని పేరు. పైన మెరయుచుండు కొయ్యపెట్టె వేరు. నాలుగు మరలు విప్పినచో రెండును విడిపోవును. పెట్టె లేకున్నను రేడియో పాడును. పూర్వపు మోటారుకార్ల నిర్మాణము సరిగా ఇట్టిదే.

క్రింద రెండు నిడుపాటి ఉక్కు దూలములు, వాని నడుమ అడ్డపట్టెలు. చూచుటకు నిచ్చెనవలె నుండును. ఇంజను, ఇరుసులు, స్ప్రింగులు, స్టీరింగు దీనినే ఆశ్రయించి యుండును. మనుష్యులు కూర్చుండు బాడీని వేరుగా కట్టి, తెచ్చి దీనిపై బోల్టులతో బిగించెడివారు. మన లారీల సంగతి చూడుడు. వట్టి చాసిస్ మీద డ్రైవరు ముఖమునకు తువ్వాలు చుట్టుకొని, గాలికి ఎదురొడ్డి విజయవాడ ఆటోనగరునకు తోలుకొనిపోవుట దారిలో అందరును చూచినదే. అచ్చటి పనివారు దానికి బాడీ కట్టుదురు.

రాజుల కార్లకును ఇదే పద్ధతి. రెండవ ప్రపంచయుద్ధము వరకు రోల్స్‌రాయిస్ కంపెనీ చాసిస్ మాత్రమే అమ్మెడిది. బాడీని కొనువాడు వేరొకచోట కట్టించుకొనవలెను. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆర్డరు చేసిన సిల్వర్ ఘోస్ట్ కారునకు చాసిస్ డెర్బీలో తయారైనది. సింహాసనము వంటి ఎత్తైన పీఠము గల పసుపుపచ్చని బాడీని లండనులోని బార్కర్ కంపెనీ కట్టినది. 1911లో ఆయన మరణించెను గనుక కారు ఏడవ నిజాము వంతైనది. నేడది చౌమహల్లా ప్యాలెసులో నున్నది. అబిడ్స్‌కు తన పేరు నిచ్చిపోయిన ఆల్బర్ట్ ఆబిడ్ ఈ ఆరవ నిజాము కొలువులోని వాడే. ఆయన దుకాణము పోయినది, పేరు మిగిలినది.

ఇట్టి కార్లలో ముందుగా చెడునది తరచుగా చట్రమే. దాని దూలము ఒక ప్రక్క తెరచియుండు దోనె వంటిది. వానకాలపు బురద అందులో చేరి ఏండ్ల తరబడి తినివేయును. రివెట్లు వదులగును, స్ప్రింగు తగిలించిన చోట బీట పుట్టును. బాడీ బాగున్నది, చట్రము పోయినది అన్నప్పుడు కొత్త చట్రము చేయించు ఆలోచన వచ్చును. అమెరికాలో 1932 నాటి ఫోర్డు కార్లకు ఇట్టి చట్రములను కొత్తగా చేసి అమ్మువారు కలరు. మనవద్ద పాతదానిని చూచి కమ్మరి చేయవలసినదే.

నాంపల్లి ప్రాంతమున ఒక షెడ్డులో నేనీ పనిని చూచితిని. 1930 ప్రాంతపు అమెరికా కారు. యజమాని తాతగారు కొన్నది. కొత్త చట్రము మీద బాడీ నుంచగా ఎడమ తలుపు మూతపడలేదు. వెనుక రెండు బోల్టు రంధ్రములు అర అంగుళము తప్పినవి. కుఱ్ఱవాడు డ్రిల్లు తీసికొని రంధ్రములు పెద్దవి చేయబోయెను. పెద్ద మేస్త్రీ వాని చేయి పట్టుకొని, “ముందు ఇంజను ఎక్కించరా, రంధ్రముల మాట తరువాత చూతము” అనెను.

ఆయన మాటలో అర్థమున్నది. వట్టి చట్రము ఒక తీరున నిలుచును. ఇంజను, గేరుపెట్టె బరువు పడి చక్రములు నేలనానిన పిమ్మట మరియొక తీరున నిలుచును. ఆ రెండవ తీరులోనే బాడీని సరిచూడవలెను. అదియుగాక ఎనుబది తొంబది యేండ్లు పాత చట్రముతో పాటు బాడీయు క్రుంగి, ఆ క్రుంగుకే అలవాటుపడి యుండును. తిన్నని చట్రము దానికి కొత్త.

కాబట్టి మొదటి మర విప్పక పూర్వమే కొలతలు తీయవలెను. ప్రతి తలుపు చుట్టును గల సందు ఎంతయో వ్రాసికొనవలెను. బోల్టుల క్రింది రబ్బరు, తోలు, కొయ్య పలకలు చెత్తవలె కనబడును గాని, ఒక్కొక్కదాని మందము వెనుకటి పనివారు చూచి చూచి పెట్టినది. వానిని అంకెలు వేసిన సంచులలో దాచవలెను. పైకప్పు లేని బండియైనచో తలుపుల ద్వారములకు అడ్డముగా ఇనుప గొట్టములు బిగింపనిదే బాడీని ఎత్తరాదు. ఎత్తినచో అట్టపెట్టెవలె నడుమకు వంగును.

మంచము పట్టెలు బిగించునప్పుడు వడ్రంగి మూలనుండి మూలకు త్రాడు పట్టి చూచును గదా. చట్రమునకును అదే పరీక్ష. రెండు కొలతలు సమానము కావలెను. పాత చట్రమునే అచ్చుగా పెట్టుకొన్నవారు దాని వంకరను గూడ నకలు తీయుదురు. ఈ పొరపాటు తఱచు.

తరువాత బోల్టులన్నియు వదులుగా వేసి, ఇంజను వెనుక గోడ వద్ద మొదలిడి వెనుకకు సాగవలెను. ఆ గోడ క్రింద పలక చేర్చినచో తలుపు స్తంభము కొంచెము వెనుకకు వాలి, ముందు బందులుగల తలుపునకు వెనుక చివర దిగును, తీసివేసినచో లేచును. మేస్త్రీలు సూతు అనెడి అంగుళపు ఎనిమిదవ వంతు తేడా చాలును, గొళ్ళెము తన గూటిని తప్పుటకు. నేను చూచిన పని మూడు దినములు పట్టినది. రంధ్రములలో ఒక్కదానినే కొద్దిగా ఆకురాయి పట్టవలసి వచ్చినది. రంగు వేయుట ఇదంతయు ముగిసిన పిమ్మటనే. కొత్త రబ్బరు అణగును గనుక కొన్ని మైళ్ళు నడిపి బోల్టులు మరల చూడవలెను. దీపములు వెలుగకున్నచో బల్బును నిందింపకుడు: రబ్బరును కొత్త రంగును కలిసి బాడీని చట్రమునుండి వేరుచేసినవి, ఎర్తు తీగ ఒకటి కలుపవలెను.

ఇంతకన్న చిక్కు కాగితములలో నున్నది. బండి పేరు ఊరు ప్రభుత్వమునకు తెలియునది చాసిస్ సంఖ్యను బట్టియే. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2021 జూలైలో వచ్చిన నిబంధనలు ఏబది యేండ్లు దాటిన వాహనములకు ‘వీఏ’ అక్షరములతో ప్రత్యేక సంఖ్య నిచ్చుచున్నవి. రుసుము 20,000 రూపాయలు, గడువు 10 సంవత్సరములు. అయితే బండి తొలిరూపమున నుండవలెను. చాసిస్, బాడీ, ఇంజనులలో మార్పు జరిగి యుండరాదు. పాత సంఖ్యను కొత్త ఇనుముపై తామే చెక్కించుకొనువారు మోసపు నేరము కొనితెచ్చుకొందురు.

అందుచే నా మతమున, పాత చట్రమును ఇసుకతో శుభ్రపరచి, బీటలెన్నియో చూచి, ఒకటి రెండు చోట్ల అతుకుతో నిలుచునదైనచో దానినే నిలుపుకొనుట మేలు. విధిలేక కొత్తది చేయింప దలచినవారు కమ్మరి కంటె ముందు రవాణా కార్యాలయమునకు పోవలెను. నాంపల్లి షెడ్డు యజమాని ఈ వరుస తారుమారు చేసెను. తలుపులు నేడు చిటికెన వ్రేలితో మూతపడుచున్నవి. సంఖ్య గల పాత చట్రము గోడకు ఆనించి యున్నది. దరఖాస్తు ఇంకను వ్రాయుచున్నాడు.