అడవిపందులకు తోటా ఎంపిక: మక్తల్ ప్రాంతపు రైతులకు సూచనలు

మక్తల్, మాగనూరు, కృష్ణ మండలములలో పైరులకు రెండు మృగములవలన నష్టము కలుగుచున్నది. ఒకటి కృష్ణజింక, రెండవది అడవిపంది. రెండును పైరు తినునవియే యైనను చట్టము రెంటిని ఒకే రీతిగా చూడదు. కావున తోటాను గూర్చి యోచించుటకు ముందు మృగమును గూర్చి యోచింపవలెను.

1. కృష్ణజింక. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున ఇది మొదటి షెడ్యూలులో చేర్చబడినది. పైరు మేసినదను కారణమున దీనిని చంపుటకు అనుమతి లేదు. చంపినవారికి 3 సంవత్సరములకు తగ్గకుండ 7 సంవత్సరముల వరకు కారాగారశిక్షయు, జుర్మానాయు కలవు. దీనికి తగిన తోటా యేదియు లేదు. కావలి, కంచె, నష్టపరిహారపు దరఖాస్తు, ఇవియే మార్గములు.

2. అడవిపంది. నిలువు పైరునకు హాని చేయుచున్నచో ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గాని, ఆయన అధికారమిచ్చిన ఉద్యోగి గాని వ్రాతమూలముగా అనుమతి నొసగవచ్చును. అనుమతియు, తుపాకి లైసెన్సును రెండును ఉండవలెను. చంపబడిన పంది సర్కారు సొత్తు; మాంసము పంచుకొనరాదు.

3. తోటా. ఎదిగిన మగపందికి భుజముపై చర్మము మిక్కిలి దళసరిగా నుండును. పక్షులను కొట్టు సన్నగుండ్ల తోటా దానిని గాయపరచునే గాని చంపజాలదు. గాయపడిన పంది పొదలో దాగి, మరునాడు కలుపు తీయవచ్చిన కూలీలపై పడును. 12 బోరు తుపాకి గలవారు ఎల్.జి. తోటాను గాని, ఒంటిగుండు తోటాను గాని వాడవలెను. ఎల్.జి. గుండ్లు దూరము పోయినకొలది విడిపోవును గనుక 30 గజములకు మించి కాల్పరాదు. .315 రైఫిలు గలవారికి మెత్తని సీసపు మొన గల 244 గ్రెయినుల గుండు తగినది. అది లోపల విప్పారి పందిని వెంటనే పడగొట్టును. మొన పూర్తిగా మూయబడిన గుండు దేహమును దూసికొని పోయి ఆవలివారికి తగులవచ్చును. .22 రైఫిలు పందికి చాలదు.

4. గుండు పోవు దారి. మన నల్లరేగడి భూములు చదునైనవి. వెనుక గుట్ట యుండదు. రైఫిలు గుండు ఒక మైలుకు మించి పోగలదు. రాత్రివేళ పొలములలో గొఱ్ఱెల మందలును, కాపరులును ఉందురు. కావున మంచెపై నుండియే, గుండు నేలలో దిగునట్లు క్రిందికి కాల్పవలెను. కదలిక మాత్రము చూచియో, చప్పుడు మాత్రము వినియో కాల్పరాదు. దీపపు వెలుగున మృగము పంది యని రూఢి యైన పిదపనే కాల్పవలెను.

5. గాయపడిన పందిని చీకటిలో వెంబడింపరాదు. తెల్లవారిన పిదప ఇద్దరు ముగ్గురు తుపాకులతో వెదకి, అటవీశాఖవారికి తెలుపవలెను.

కొందరు కరెంటు తీగలను, మందుగుండు ఉండలను పొలమున నుంచుచున్నారు. అవి పందిని మనిషినుండి వేరుచేసి చూడవు. తీగపై కాలుమోపి మరణించినది ఇరుగు పొలపు రైతైనచో, ఏ పంటయు ఆ నష్టమును తీర్పజాలదు. అనుమతి దొరకువరకు మంచెయు, కావలియు, కంచెయు వీడక యుండవలెను.