పహాణీకి రెండవ ప్రతి

స్టేషన్ ఘన్‌పూర్ తహసీల్దారు కార్యాలయములో రైతు వేలిముద్ర వేసి వెలుపలికి వచ్చునప్పటికే అతని భూమి మరియొకరి పేరున మారియుండును. 2020లో ధరణి పోర్టల్ వచ్చినది మొదలు తెలంగాణలో వ్యవసాయ భూముల రిజిస్ట్రేషను మండల కేంద్రములకు చేరినది. 2025 ఏప్రిల్‌లో దాని స్థానమున భూభారతి వచ్చినది. ఒకనాడు పట్వారీ దఫ్తరపు మూటలోనుండిన పహాణీ నేడు చేతికి చిక్కదు. దూరముననున్న యొక సర్వరు డిస్కుపై వ్రాయబడి యున్నది. మూటకు చెదలు పట్టినచో విప్పినవానికి కనబడెడిది. డిస్కు మాత్రము చెప్పకుండ చెడును.

అందుచేత సర్వర్లను జంటగా నుంచుదురు. నిత్యము పని చేయునది ప్రొడక్షన్ సర్వరు. ఆపదకై ప్రతిని దాచునది బ్యాకప్ సర్వరు. ఈ రెండింటిని, వాని డిస్కులను కలుపుటకు వెంట్రుకవలె సన్నని గాజుతీగలపై వెలుగు ద్వారా సమాచారము పంపు పద్ధతి యొకటి కలదు. దాని పేరు ఫైబర్ ఛానెల్. 1994లో అమెరికా ప్రమాణముగా స్థిరపడిన ఈ పద్ధతి వేగము నాటినుండి ఎన్నో రెట్లు పెరిగినది.

ఆఫీసులోని మామూలు నెట్‌వర్కు చాలదా యని శ్రోతలు అడుగవచ్చును. చిన్న పనికి చాలును. అయితే భేదమెక్కడనో చూడవలెనన్న ఘన్‌పూర్ రైలుస్టేషనుకే పోవుదము. ముందరి స్టేషను ‘లైన్ క్లియర్’ ఇచ్చినగాని వెనుక స్టేషనువారు బండిని వదలరు. మామూలు నెట్‌వర్కులో నిట్టి కట్టుబాటు లేదు. చోటు చాలనప్పుడు కొన్ని మూటలు జారిపోవును, వానిని మరల పంపుదురు. ఫైబర్ ఛానెల్‌లో అవతలివాడు ఇన్ని మూటలకు చోటున్నదని ముందుగా తెలిపినగాని ఇవతలివాడు పంపడు. క్రెడిట్ అను పేరుగల లైన్ క్లియర్ ఇది.

అమరిక ఇట్లుండును. ఒక్కొక్క సర్వరులో రెండు ద్వారముల కార్డు నమర్తురు. ఒక ద్వారమునుండి మొదటి స్విచ్చికి, రెండవదానినుండి రెండవ స్విచ్చికి తీగలు పోవును. ఆ స్విచ్చులనుండి డిస్కుల పెట్టెలకు మరల రెండేసి దారులు. ఒక స్విచ్చి చెడినను రెండవ దారి పని నడుపును. రెండు తీగలను ఒకే గొట్టములో పోనిచ్చి రెండు దారులున్నవని తృప్తిపడువారును కలరు. గునపము ఒక్క పోటుతో రెండింటిని తెంపును. ఒకే భవనములోనైనచో నూరు మీటర్ల వరకు మల్టీమోడ్ తీగ సరిపోవును. అంతకు మించినచో సింగిల్‌మోడ్ తీగ కావలెను. అది సామాన్యముగా పది కిలోమీటర్లవరకు పోవును. ఆపైన వెలుగును బలపరచు పరికరములు వేరుగా కావలెను.

ఇక్కడ నొక ప్రమాదమున్నది. ప్రతి ద్వారమునకు 64 బిట్ల పేరొకటి ఉండును. ఏ పేరుగలవారు ఏ డిస్కును చూడవచ్చునో స్విచ్చిలోను డిస్కుల పెట్టెలోను నిర్ణయింపవలెను. ఈ గిరిగీత మరచి, అసలు డిస్కును బ్యాకప్ సర్వరు తనదిగా భావించి వ్రాయనారంభించినచో, ఒకరి కొకరు తెలియని ఇద్దరు పట్వారీలు ఒకే రిజిస్టరుపై వ్రాసినట్లగును. గంటలోనే ఆ రిజిస్టరు ఎవరికిని పనికిరాకుండ పోవును.

ఇక దూరము. గాజులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. ఘన్‌పూర్‌నుండి సికింద్రాబాదునకు రైలుమార్గమున నూరు కిలోమీటర్లకు పైబడి యున్నది. వెలుగు అంత దూరము పోయివచ్చుటకు ఒక మిల్లీసెకను పట్టును. ఒక వ్రాతకు సాధారణముగా రెండు రాకపోకలు కావలెను గనుక రెండు మిల్లీసెకన్లు. మనకది రెప్పపాటు కాదు. సెకనుకు వేలకొలది వ్రాతలు చేయు సర్వరునకు అది భారము. పైగా దూరము పెరిగినకొలది లైన్ క్లియర్‌లు ఎక్కువ కావలెను: 8 గిగాబిట్ల వేగమున నూరు కిలోమీటర్లకు సుమారు 400. అవి చాలకున్న దారి ఖాళీగా నుండియు బండ్లు నిలిచిపోవును.

కనుక రెండు మార్గములున్నవి. అవతల వ్రాసిరన్న కబురు వచ్చువరకు ఆగుట ఒకటి; ఆగక పోవుచు వెనుకనుండి పంపుట రెండవది. రెండవదానిలో చివరి కొన్ని సెకన్ల వ్రాతలు పోవచ్చును. ఆ సెకన్లలో ఒక రైతు రిజిస్ట్రేషను ఉండవచ్చునుగదా! నా మట్టుకు, భూమి లెక్కలకు ఆగుటయే మేలు. ఫొటోలకు, పాత ఫైళ్లకు రెండవది చాలును.

దూరముండుట మాత్రము తప్పదు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరమున ప్రభుత్వ డేటా కేంద్రములో బ్యాటరీలనుండి అగ్ని పుట్టెను. ఉద్యోగులు ఫైళ్లు దాచుకొను 858 టెరాబైట్ల నిల్వ కాలిపోయెను. పరిమాణము పెద్దదని దానికి వేరుచోట ప్రతి తీయలేదు. మనవద్ద రైల్‌టెల్ సంస్థ గురుగ్రామ్‌లో నొకటి, సికింద్రాబాదులో నొకటిగా డేటా కేంద్రములను దూరదూరముగా నెలకొల్పినది.

జంట సర్వరుతో భయమంతయు తీరదు. ఓరుగల్లు సీమలోని గొలుసుకట్టు చెరువులను తలచుకొనుడు. పైచెరువు నిండి క్రిందిచెరువునకు నీరు పారును. పైచెరువులో విషము కలిసినచో అదియు పారును. ఎవరో పొరపాటున ఒక గ్రామపు పహాణీని తుడిచివేసినచో, ఆ తుడుపు గాజుతీగపై మిల్లీసెకనులో రెండవ సర్వరునకు చేరును. కావున బ్యాకప్ సర్వరు నేటి ప్రతితోపాటు నిన్నటి, మొన్నటి ప్రతులను విడివిడిగా నుంచవలెను. వానిలో నొకటి ఆ తీగకు అందకుండ, టేపుపైననో మరియొక చోటనో ఉండవలెను.

తిరిగి తెచ్చుట ఎంతసేపు పట్టునో లెక్క వేయువారు తక్కువ. 8 గిగాబిట్ల దారిపై సెకనుకు సుమారు 800 మెగాబైట్లు పోవును. పది టెరాబైట్లు మరల నింపుటకు మూడున్నర గంటలు కావలెను, ఆటంకములు లేకున్న. ఏడాదికొకసారియైనను సెలవునాడు నిజముగా నింపిచూచి, ఆ గంటలను గడియారముపై కొలిచి వ్రాసికొనవలెను. సర్వరు నిలిచిననాడు ఘన్‌పూర్ కార్యాలయము ముందు బారులు తీరినవారికి సాయంత్రము వరకు కూర్చుండుడని చెప్పవలెనో, రేపు రండని చెప్పవలెనో ఆ కాగితమే తెలుపును.