ఎండిన కాఫీ ఆకు, పక్కన ఒక చీటీ

పై వీడియోలో కాఫీ ఆకు అడుగున నారింజ రంగు పొడి చూశారు కదా, అదే తుప్పు తెగులు. సిలోన్ నుంచి వచ్చిన ఇలాంటి ఆకుల్ని పరిశీలించే 1869లో బర్క్‌లీ, బ్రూమ్ ఈ శిలీంధ్రానికి హెమీలియా వాస్టాట్రిక్స్ అని పేరు పెట్టారు. రెండో మాటకి నాశనం చేసేదని అర్థం. పేరుకి తగ్గట్టే అక్కడ కాఫీ పోయి టీ తోటలొచ్చాయి.

హెర్బేరియంలో ఆకుతోపాటు పంట, ఊరు, తేదీ, సేకరించినవాళ్ల పేరు రాసి పెడతారు. నన్నడిగితే ఆ చీటీయే అసలు ఆస్తి. అది లేకపోతే మిగిలేది ఎండుటాకే! ఫోన్ ఫొటోని మైక్రోస్కోపు కింద పెట్టలేం కదండీ.

మీరూ కషాయం కొట్టకముందే తెగులు ఆకులు నాలుగు కోసి, పేపర్ల మధ్య నొక్కి, రోజూ పేపర్ మార్చి ఆరబెట్టండి. ప్లాస్టిక్ కవరు వద్దు, బూజు పడుతుంది. కాగితం కవర్లో పెట్టి, రకం పేరు కూడా రాయండి. వచ్చే ఏడు మళ్లీ మచ్చలొస్తే పక్కపక్కన పెట్టి చూపించొచ్చు.