బుద్ధిపరీక్షలు – బాలుర తర్కశక్తి

ఒక యంకెను జూచి బిడ్డ బుద్ధియంతయు నింతే యని తీర్పు చెప్పుట న్యాయమా? ప్రజ్ఞాలబ్ధి యనుపేర బాలబాలికలకు అంకెలు నిర్ణయించు పరీక్షలు నేడు పలుచోట్ల జరుగుచున్నవి. ఆ యంకెనుబట్టి కొందఱిని మందబుద్ధులని వేఱుచేయుటయు, కొందఱిని మేధావులని యెన్నుకొనుటయు గలదు. కావున నివి తర్కశక్తిని ఎంతవఱకు గొలువగలవో విచారించుట యవసరము.

వీని పుట్టుక సదుద్దేశముతో గూడినదే. తరగతిలో వెనుకబడు పిల్లలకు విద్య చెప్పు మార్గమును విచారించుటకు 1904లో ఫ్రెంచి విద్యామంత్రి యొక సంఘమును నియమించెను. అందలి సభ్యుడైన ఆల్ఫ్రెడ్ బినే, సైమన్ పండితుని తోడ్పాటుతో, 30 అంశములుగల పరీక్షను 1905లో ప్రకటించెను. ప్రత్యేకబోధన కావలసినవారిని గుర్తించుటయే దాని ప్రయోజనము. బుద్ధి పెంపునకు లొంగని స్థిరపరిమాణమను వాదమును బినే 1909లో గట్టిగా ఖండించెను. 1911లో ఆయన గతించెను. 1916లో అమెరికాయందు టెర్మన్ పండితుడు ప్రజ్ఞాలబ్ధిని ప్రచారములోనికి దెచ్చిన పిమ్మట, సాయపడుటకై పుట్టిన కొలత బిడ్డ నొసట వ్రాతగా మాఱజొచ్చెను.

పరీక్ష సరియైన యుత్తరములను లెక్కించును. బిడ్డ యే దారిని ఆ యుత్తరమును జేరెనో సాధారణముగా లెక్కింపదు. స్విట్జర్లాండు దేశీయుడగు పియాజే 1920 ప్రాంతమున పారిస్ నగరమందు, ఆంగ్లేయుడైన సిరిల్ బర్ట్ కూర్చిన తర్కపరీక్షలను ఫ్రెంచి బాలురకు అనువుపఱచు పనిలో నుండెను. అతని నాకర్షించినవి బాలుర తప్పులు. ఏల యట్లు చెప్పితివని యడుగగా, ఆ తప్పులవెనుక వారికి దమదైన యాలోచనాక్రమ మున్నట్లు తేలెను. సున్న మార్కు పడినచోటనే తర్కము గనబడినది!

మాటలులేని బొమ్మల పరీక్షలైనచో ఈ దోషము తీఱునని కొందఱందురు. 1938లో రావెన్ రచించిన పరీక్ష యట్టిదే. అయినను, ఆ తరగతి పరీక్షలో నెదర్లాండ్స్ దేశపు యువకుల సగటు 1952 మొదలు 1982 వఱకు రమారమి 20 అంకెలు పెరిగినదని ఫ్లిన్ పండితుడు 1987లో చూపెను. ముప్పదియేండ్లలో జాతి పుట్టుబుద్ధి యింతగా మాఱదు. మాఱినవి పరిసరములని యెంచుటయే యుక్తము.

ఇవి నిరర్థకములని మేమనుట లేదు. బడిచదువులో రాబోవు జయాపజయములను ఇవి కొంత బాగుగనే సూచించును. నేర్పరి చేతిలో బిడ్డ కష్టమును బయలుపఱచును. కాని తెలుగు తప్ప వేఱెఱుగని బిడ్డను ఆంగ్లమున బ్రశ్నించినచో కొలువబడునది ఆంగ్లమే. అందుచే పరీక్ష మాతృభాషలో జరుగవలెను. ఆ భాషాబాలురపై ముందుగా సరిచూచినదై యుండవలెను. తప్పు చెప్పిన బిడ్డను కారణ మడుగవలెను. ఒక్కనాటి యంకెతో బడిలో స్థానము నిర్ణయింపరాదు. బినే కోరినట్లు, ఆ యంకె బిడ్డకు మంచి బోధన నందించుటకు వినియోగపడినప్పుడే సార్థకమని మా నిశ్చితాభిప్రాయము.