ఏమని వెతుకుతారో... అదే కీలకం!

శివరాత్రి వస్తోందంటే చాలు, మేళ్లచెరువు దారి పట్టేవాళ్లు ఎందరో. స్వయంభూ శంభులింగేశ్వరస్వామి దర్శనం, జాతర, ఎడ్ల పందేలు... సూర్యాపేట జిల్లాలోని ఈ ఊరికి అదే పెద్ద పండగ. ఒకప్పుడైతే కోదాడ బస్టాండులో దిగి, కనిపించినవాళ్లని దారి అడిగేవారు. ఇప్పుడు ఇంటి దగ్గరే ఫోను తీసి గూగుల్‌ని అడుగుతున్నారు. బస్టాండులో మనిషికైతే ఊరి పేరు ఎలా పలికినా అర్థమవుతుంది. గూగుల్‌కి టైపు చేసి చెప్పాలి. చిక్కంతా అక్కడే... మేళ్లచెరువుని ఇంగ్లిషులో ఎలా రాయాలి?

'ఎల్' ఒకటి పెట్టాలా, రెండా? 'చెరువు' అని పూర్తిగా రాయాలా, 'చెర్వు' అని కుదించాలా? ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తారు. ఆ ఒక్క పేరునే మూడు రకాలుగా రాస్తారనుకుందాం. 'శంభు'లో 'ఎస్' పక్కన 'హెచ్' పెట్టేవాళ్లు, పెట్టనివాళ్లు. 'బి' పక్కన 'హెచ్' పెట్టేవాళ్లు, పెట్టనివాళ్లు... అలా అదొక నాలుగు రకాలు. చివర్లో గుడి, ఆలయం, దేవాలయం, టెంపుల్... ఇవి మరో నాలుగు. మూడు నాలుగులు పన్నెండు, పన్నెండు నాలుగులు నలభై ఎనిమిది. అంటే, ఒకే గుడిని 48 రకాలుగా వెతకొచ్చన్నమాట! ఆ ఊళ్లో లాడ్జి నడిపేవాళ్లో, కొబ్బరికాయల దుకాణం ఉన్నవాళ్లో ఓ వెబ్‌సైట్ పెట్టుకుంటే, ఈ 48లో దేన్ని నమ్ముకోవాలి?

సెర్చింజన్ భాషలో ఇలా వెతికే మాటల్నే కీవర్డులు అంటారు. సరైన కీవర్డు ఎంచుకోవడమంటే గొప్ప మాట వెతకడం కాదు, అవతలివాళ్లు నిజంగా టైపు చేసే మాటని పట్టుకోవడం.

పెద్ద పేర్లకు సాయం... చిన్న ఊళ్లకు కష్టం

అక్షరాలు తప్పుగా కొట్టినా గూగుల్ సర్దుకుంటుంది కదా అనొచ్చు. నిజమే. పాప్ గాయని బ్రిట్నీ స్పియర్స్ పేరుని జనం దాదాపు 600 రకాలుగా తప్పుగా కొట్టారంటూ ఆ సంస్థే ఒకప్పుడు జాబితా ప్రకటించింది. ఆ తప్పుల్లోంచే ఒప్పేమిటో యంత్రం నేర్చుకుంది. కానీ కోట్లమంది వెతికే పేరు వేరు, ఓ మండల కేంద్రం పేరు వేరు. వెతికేవాళ్లు తక్కువైనచోట యంత్రం నేర్చుకునే అవకాశమూ తక్కువే.

చుట్టుపక్కల ఊళ్లదీ ఇదే తంతు. తెలుగులో సూర్యాపేట, కోదాడ అంటాం. ఇంగ్లిషుకొచ్చేసరికి చివరి అచ్చు ఎగిరిపోయి సూర్యాపేట్, కోదాడ్ అవుతాయి. మిర్యాలగూడను కొందరు 'వై'తో రాస్తే, పాత కాగితాల్లో 'ఐ'తో కనిపిస్తుంది. ఇక కృష్ణ ఒడ్డున లక్ష్మీనరసింహస్వామి కొలువైన ఊరు మట్టపల్లి. అది ఉన్న మండలమేమో మఠంపల్లి! కొత్తవాళ్లు ఒకటి వెతకబోయి ఇంకోటి వెతికితే ఆశ్చర్యమేముంది?

చిరునామా సంగతీ చూడాలి. 2014 జూన్ 2 దాకా మేళ్లచెరువు ఆంధ్రప్రదేశ్‌లో ఉండేది. 2016 అక్టోబరు 11 దాకా నల్గొండ జిల్లాలో ఉండేది. సూర్యాపేట జిల్లా ఆ రోజునే పుట్టింది. ఎప్పుడో ఊరు విడిచి వెళ్లినవాళ్లకు గుర్తుండేది పాత జిల్లానే. అందుకే 'పూర్వపు నల్గొండ జిల్లా' అన్న ఒక్క మాట పేజీలో ఉంటే అటువైపు నుంచి వచ్చేవాళ్లకూ దారి దొరుకుతుంది.

కొండతో ఢీకొనొద్దు

మేళ్లచెరువు చుట్టుపక్కల నేలంతా సున్నపురాయి. అందుకే సిమెంటు ఫ్యాక్టరీలు వెలిశాయి. కోదాడలో సిమెంటు వ్యాపారి ఒకాయన వెబ్‌సైట్ పెట్టి, 'సిమెంట్' అన్న కీవర్డుని ఎంచుకున్నాడనుకోండి. ఆ మాట మీద దేశంలోని పెద్ద కంపెనీలన్నీ పోటీ పడుతుంటాయి. పాపం, ఆయన ఏ పదో పేజీలోనో ఉంటాడు. అంతదూరం వెళ్లి చూసే ఓపిక ఎవరికుంటుంది? పోనీ, ఎవరైనా చూసినా ఆ మాట కొట్టినవాళ్లు ఇల్లు కట్టేవాళ్లో, షేర్లు కొనేవాళ్లో, పాఠం రాసుకునే పిల్లలో!

అదే 'కోదాడలో సిమెంటు బస్తా ధర' అంటే? వెతికేవాళ్లు కొద్దిమందే. కానీ వాళ్లు రేపో మాపో బస్తాలు దింపించుకునేవాళ్లు. ఇలాంటి పొడుగాటి కీవర్డుల్ని 'లాంగ్ టెయిల్' అంటారు. చిన్న చిన్న గిరాకీలన్నీ కలిస్తే పెద్ద మార్కెట్టే అవుతుందంటూ 2004లో 'వైర్డ్' పత్రికలో క్రిస్ ఆండర్సన్ రాసిన వ్యాసంతో ఈ మాట జనంలోకి వచ్చింది.

వెతుకులాటలోనూ రకాలున్నాయి. కంప్యూటర్ శాస్త్రవేత్త ఆండ్రే బ్రోడర్ 2002లో వాటిని మూడుగా విడదీశారు. ఫలానా సైట్‌కే వెళ్లాలనుకునేవి, ఏదైనా తెలుసుకోవాలనుకునేవి, పని జరగాలనుకునేవి. 'మేళ్లచెరువు గుడి చరిత్ర' అన్నవాళ్లకు కథ కావాలి. 'మేళ్లచెరువులో శివరాత్రికి గది' అన్నవాళ్లకు అద్దె, ఫోన్ నంబరు కావాలి. మొదటివారికి అద్దెలు, రెండోవారికి స్థలపురాణం చూపిస్తే ఇద్దరూ వెనక్కి వెళ్లిపోతారు.

తెలుగులో వెతికితే...

2000ల తొలినాళ్లలో తెలుగు పత్రికల వెబ్‌సైట్లు చాలావరకు ఎవరి ఫాంటు వాళ్లు వాడేవి. తెర మీద తెలుగే కనిపించినా, సెర్చింజన్‌కి మాత్రం అర్థంలేని గుర్తుల్లా ఉండేది. అంత సమాచారం ఉండీ వెతికితే దొరికేది కాదు. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దక్కినా, అది వాడుకలోకి రావడానికి ఏళ్లు పట్టింది. పాత ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ' లాంటి ఉపకరణాలు ఆ రోజుల్లో ఎంతో ఆదుకున్నాయి.

యూనికోడ్‌తో అన్ని చిక్కులూ తీరిపోలేదు. 'మేళ్లచెరువు' అని 'ళ' కింద 'ల' వత్తు ఇచ్చేవాళ్లున్నారు. 'మేళ్ళచెరువు' అని 'ళ' కింద 'ళ' వత్తే ఇచ్చేవాళ్లూ ఉన్నారు. కంటికి చిన్న తేడా, కంప్యూటర్‌కి వేర్వేరు అక్షరాలు. 2017లో గూగుల్ వాయిస్ సెర్చ్ తెలుగుకీ రావడంతో టైపు చేయడం రానివాళ్లూ నోటితోనే అడగడం మొదలెట్టారు. నోటితో అడిగేది ముక్కలు ముక్కలుగా ఉండదు. 'కోదాడ నుంచి మేళ్లచెరువుకి బస్సు ఎన్నింటికి ఉంది' అని పూర్తి వాక్యంలా ఉంటుంది. పేజీలో అచ్చంగా అలాంటి ప్రశ్న, దాని కింద సూటిగా జవాబు ఉంటే మేలు.

అతి చేస్తే మొదటికే మోసం

1990ల్లో పేజీ లోపల, చూసేవాళ్లకు కనిపించకుండా కీవర్డుల జాబితా ఇచ్చే పద్ధతి ఉండేది. సంబంధంలేని మాటలన్నీ కుక్కేసి దాన్ని భ్రష్టు పట్టించారు. ర్యాంకు ఇవ్వడానికి ఆ జాబితాను అసలు చూడనేచూడమని 2009 సెప్టెంబరులో గూగుల్ తేల్చిచెప్పింది. తెల్లటి పేజీ మీద తెల్లటి అక్షరాలతో ఒకే మాట వందసార్లు రాయడమూ అలాంటి ఎత్తే.

ఈ ఎత్తులకు ఎంతటివాళ్లైనా మూల్యం చెల్లించాల్సిందే. 2006 ఫిబ్రవరిలో బీఎమ్‌డబ్ల్యూ జర్మనీ వెబ్‌సైట్‌ని గూగుల్ తన ఫలితాల్లోంచి తీసేసింది. 'పాత కార్లు' అన్న అర్థమిచ్చే జర్మన్ మాటను పదేపదే కుక్కిన పేజీలను సెర్చింజన్‌కి చూపించి, జనానికి మరో పేజీ చూపించడమే తప్పు. ఆ పేజీలు తీసేశాకే మళ్లీ చోటిచ్చింది. అంత పెద్ద కంపెనీ కాబట్టి రోజుల్లో సర్దుకుంది. చిన్న దుకాణదారుకైతే ఓ సీజన్ గిరాకీ పోయినట్టే.

అలాగని పట్టించుకోకుండా వదిలేసినా ముప్పే. మన పేరుతో వెతికినప్పుడు మనం కనిపించకపోతే ఆ చోటు ఖాళీగా ఉండదు. తన పేరును పోలిన నకిలీ వెబ్‌సైట్లను నమ్మొద్దని తిరుమల తిరుపతి దేవస్థానం భక్తులను పలుమార్లు హెచ్చరించాల్సి వచ్చింది. అంత పేరున్న చోటే అలా ఉంటే, చిన్న ఊళ్ల సంగతి చెప్పాలా?

ఇలా ఎంచుకోండి

* ఫోన్ చేసేవాళ్లు, దుకాణానికి వచ్చేవాళ్లు మొదట ఏమడుగుతారో వాళ్ల మాటల్లోనే నెల రోజులు రాసిపెట్టుకోండి. చిన్న ఊళ్ల గురించి గూగుల్ ట్రెండ్స్ లాంటివాటిలో సరిపడా లెక్కలు దొరక్కపోవచ్చు. అప్పుడు ఈ పుస్తకమే ఆధారం.

* ఆ మాటల్ని సెర్చ్ పెట్టెలో సగం కొట్టి ఆగండి. కింద వచ్చే సూచనలు ఇతరులు వెతికిన తీరుని చెబుతాయి.

* ఊరి పేరు ఇంగ్లిషు స్పెల్లింగ్‌కి ప్రభుత్వ రికార్డులు, రైల్వే స్టేషన్ బోర్డు చూడండి. ఎక్కువగా వాడేదాన్ని శీర్షికలో పెట్టి, రెండోదాన్ని పేజీలో ఒకచోట 'ఇలా కూడా రాస్తారు' అంటూ ఇస్తే చాలు.

* ఒక పేజీకి ఒక ప్రశ్న. గది అద్దె ఓ పేజీ, బస్సు వేళలు ఓ పేజీ, గుడి చరిత్ర ఓ పేజీ. ఎంచుకున్న మాట శీర్షికలో, మొదటి పేరాలో, ఫొటో వివరణలో సహజంగా రావాలి. పైకి చదివి చూడండి, నాలుక తడబడితే ఎక్కువైనట్టే.

* జాతర పేజీని జాతర రోజు పెడితే లాభంలేదు. సెర్చింజన్ దాన్ని చూసి, చదివి, చోటివ్వడానికి సమయం పడుతుంది. నెలా రెండు నెలల ముందే సిద్ధం చేయండి.

* సెర్చ్ కన్సోల్‌లో మీ సైట్ ఏ మాటలకు కనిపించిందో, ఎన్ని క్లిక్కులు వచ్చాయో ఉచితంగా చూడొచ్చు. మీరు ఊహించని మాట అక్కడ కనిపిస్తే, అదే మీ తర్వాతి పేజీ.

2024 నుంచి మనదేశంలోనూ కొన్ని ప్రశ్నలకు కృత్రిమ మేధతో రాసిన జవాబునే గూగుల్ పైన చూపిస్తోంది. ఆ జవాబుకీ ముడిసరుకు ఎవరో రాసిన పేజీలే. గుడి తలుపులు ఎన్నింటికి తీస్తారో, కోదాడ నుంచి చివరి బస్సు ఎప్పుడో ఊళ్లోవాళ్లకే బాగా తెలుసు. బయటినుంచి వచ్చేవాళ్లు అడిగే మాటల్లో వాళ్లే దాన్ని రాసిపెడితే, శివరాత్రినాడు దారి తప్పేవాళ్లు కొందరైనా తగ్గుతారు.