కాటన్ అను ఇంటిపేరు

కాటన్ దొర పేరు వినని తెలుగువారు అరుదు. 1847లో ఆరంభమై 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట సర్ ఆర్థర్ కాటన్ (1803-1899) నిర్మాణము. అంతకుముందే ఆయన కావేరి పాయయగు కొల్లిడముపై ఆనకట్టలు కట్టించెను. కావున తమిళనాట స్థిరపడిన మనవారికిని ఆయన పరిచితుడే.

ఆయన పూర్వులు ప్రత్తి వర్తకులా అని విద్యార్థులు మమ్ము అడుగుచుందురు. కాటన్ అనగనే ప్రత్తి జ్ఞప్తికి వచ్చుట సహజమే. కాని ఆ ఇంటిపేరునకును ప్రత్తికిని ఏ సంబంధమును లేదు. ప్రత్తికి ఆంగ్లేయులు వాడు మాట అరబ్బీ భాషలో పుట్టి, ఫ్రెంచి ద్వారా వారికి చేరినది. ఇంటిపేరో, ప్రాచీనాంగ్లమునందలి ‘కోట్’ అను పదమునుండి వచ్చినది. కోట్ అనగా గుడిసె. ‘కోటుమ్’ అనగా గుడిసెలయొద్ద. అట్టి గుడిసెలున్న పల్లెలకు కాటన్ అనియు, కోటన్ అనియు పేర్లు నిలిచినవి. స్టాఫర్డ్‌షైరులో కాటన్ కలదు. కేంబ్రిడ్జి పట్టణమున కనతిదూరమున కోటన్ కలదు. మధ్య ఇంగ్లండునందు మరికొన్ని కోటన్లు కలవు.

ఊరి పేరు మనుష్యుని కెట్లు అంటుకొనెను? 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట, మూడు నాలుగు శతాబ్దములలో అచ్చట వంశపారంపర్యముగ వచ్చు ఇంటిపేర్లు స్థిరపడినవి. ఇచ్చట ఒక సూక్ష్మము గమనింపవలెను. కాటన్ గ్రామమున నున్నంతకాలము ఎవనినైనను ‘కాటన్‌వాడు’ అని పిలిచిన ప్రయోజనమేమి? అందరును కాటన్‌వారే కదా! ఊరు విడిచి వేరొకచోటికి పోయినవానినే అచ్చటివారు ఆ పేరుతో గుర్తింతురు. అనగా ఇట్టి ఇంటిపేరు తరచుగ ఊరు విడిచినవారికే దక్కినది.

ఇంటిపేర్ల వ్యాప్తిని తెలిసికొనుటకు జనాభా లెక్కలు మంచి సాధనములు. 1881 నాటి బ్రిటిషు లెక్కల ననుసరించి పండితులు ఇంటిపేర్ల పటములు సిద్ధము చేసిరి. క్లెగ్ అను ఇంటిపేరు లంకాషైరులో రాచ్‌డేల్ చెంతనున్న ఒక్క చోటినుండి పుట్టినది. ఆ పటములలో క్లెగ్ కుటుంబములు ముఖ్యముగ ఆ ప్రాంతముననే గుమిగూడి కానవచ్చును. కాటన్ అట్లు కాదు. మూలగ్రామములు అనేకములగుటచే ఆ కుటుంబములును పలు కౌంటీలలో చెదరియున్నవి. కనుక ఇద్దరు కాటన్లు ఎదురైనచో జ్ఞాతులని తలచుటకు వీలులేదు. మనలోను ఇంటిపేరు ఒకటియై గోత్రములు వేరగుట కలదు గదా!

ఇక మన సంగతి. కొండవీడునుండి వచ్చినవారు కొండవీటివారు. ఏలూరునుండి వచ్చినవారు ఏలూరివారు. ‘వీడు’ అనునది ‘వీటి’ యగుట, ‘ఊరు’ అనునది ‘ఊరి’ యగుట మీరు వ్యాకరణమున చదివినదే. ఆంగ్లేయుల పాత పత్రములలో ఊరి పేరునకు ముందు ‘దె’ అను ప్రత్యేకమైన మాటను చేర్చి తెలిపిన సంబంధమును మన భాష ఒక్క ఇకారముతో తెలుపుచున్నది. ఇట్టి పేరుగల మన పూర్వులును ఏనాడో ఒక ఊరు విడిచినవారే.

అయితే తమిళనాట తండ్రి పేరులోని మొదటి అక్షరమునే పేరునకు ముందు వ్రాయుట వాడుక. ఆ వాడుకలో తప్పు లేదు. కాని దానివలన ఇంటిపేరు పట్టికలకెక్కదు. తరువాత శుభలేఖలలో మాత్రమే మిగులును. మరియొక తరమునకు అదియు మరుగగును. దానితోబాటు మనము బయలుదేరిన ఊరి జాడయు పోవును. ఈ తరములో ఆ జాడ ఎరిగినవారు ముఖ్యముగ ఇంటనున్న వృద్ధులే.

కావున విద్యార్థులారా, ఈ సెలవులలో మీ తాతగారినో అవ్వగారినో అడిగి, మీ ఇంటిపేరును పూర్తిగ తెలుగులో వ్రాసికొనుడు. అది ఊరి పేరైనచో ఆ ఊరెచ్చటిదో తెలిసికొనుడు. తల్లిదండ్రులు ఇందుకు తోడ్పడవలెనని మా మనవి. మీరు తెచ్చిన ఊళ్ల నన్నిటిని తరగతిలో ఒక పటముపై గుర్తించెదము.