రజియా సుల్తాన్: దిల్లీని ఏలిన ఏకైక మహిళను గద్దె దించింది ప్రేమకథా, రాజకీయమా?

పాత దిల్లీలోని తుర్క్‌మాన్ గేట్ దాటి బుల్బులీ ఖానా సందుల్లోకి వెళ్తే, ఇళ్ల గోడల మధ్య పైకప్పు లేని చిన్న ఆవరణ కనిపిస్తుంది. అందులో రెండు రాతి సమాధులు ఉన్నాయి. వాటిలో ఒకటి రజియా సుల్తాన్‌దని, రెండోది ఆమె సోదరిదని స్థానికులు చెబుతారు.

1206 నుంచి 1526 వరకు సాగిన దిల్లీ సల్తనత్‌లో సింహాసనమెక్కిన ఏకైక మహిళ రజియా. కానీ ఆమె పేరు వినగానే చాలామందికి గుర్తొచ్చేది యాకూత్‌తో ప్రేమకథే. 1983లో హేమమాలిని, ధర్మేంద్ర నటించిన హిందీ సినిమా కూడా ఆ కథనే చెప్పింది. ఆమె పతనానికి అసలు కారణం అదేనా?

సింహాసనం ఎలా దక్కింది?

తన తర్వాత కుమార్తె రజియాయే పాలించాలని సుల్తాన్ ఇల్తుత్‌మిష్ భావించారు. 1236లో ఆయన మరణించాక, ఆ మాటను పక్కనబెట్టి ప్రభువులు ఆయన కొడుకు రుక్నుద్దీన్ ఫిరోజ్‌కు పట్టం కట్టారు. పెత్తనమంతా ఆయన తల్లి షా తుర్కాన్ చేతుల్లోకి వెళ్లింది. తిరుగుబాట్లను అణచేందుకు రుక్నుద్దీన్ నగరం దాటగానే దిల్లీ జనం ఎదురు తిరిగారు. అదే ఏడాది రజియా సుల్తాన్ అయ్యారు.

గొడవ ఎక్కడ మొదలైంది?

రజియా పరదా వదిలేశారు. పురుషుల్లా అంగీ, టోపీ ధరించి, ఏనుగుపై జనం మధ్యకు వచ్చారు. రాష్ట్రాలను గుప్పిట పెట్టుకున్న తుర్కు ప్రభువులకు కావాల్సింది చెప్పినట్టు వినే పాలకురాలు. ఆమె అలా ఉండలేదు. అబిసీనియాకు చెందిన జమాలుద్దీన్ యాకూత్‌ను రాజ అశ్వశాలల అధిపతిగా నియమించారు. గుర్రాలే సైన్యానికి బలమైన ఆ రోజుల్లో అది చిన్న పదవి కాదు.

ఆమె కాలంలోనే జీవించిన చరిత్రకారుడు మిన్హాజ్, యాకూత్ సుల్తాన్‌కు దగ్గరయ్యారని, అది తుర్కులకు నచ్చలేదని మాత్రమే రాశారు. అందులో ప్రేమ రంగు పులిమింది వందేళ్ల తర్వాత రాసినవారు.

1240లో భటిండా పాలకుడు అల్తూనియా తిరగబడ్డారు. యాకూత్‌ హతమయ్యారు, రజియా బందీ అయ్యారు. దిల్లీలో ఆమె సోదరుడు బహ్రామ్‌ను గద్దెనెక్కించారు. ఆశించిన ప్రతిఫలం దక్కని అల్తూనియా రజియాను పెళ్లాడి, ఆమెతో కలిసి దిల్లీపై దండెత్తారు. ఇద్దరూ ఓడిపోయారు. కైథల్ సమీపంలో అదే ఏడాది హతమయ్యారు.

మగవారైతే నిలిచేవారా?

రాజుకు ఉండాల్సిన గుణాలన్నీ ఉన్నా, మగవాడిగా పుట్టనందున అవి ఆమెకు అక్కరకు రాలేదన్నది మిన్హాజ్ తీర్పు. కానీ లెక్క చూడండి. ఆమెకు ముందు రుక్నుద్దీన్ ఏడు నెలలైనా నిలవలేదు. ఆమె తర్వాత బహ్రామ్‌ను 1242లో చంపేశారు. ఆపై వచ్చిన మసూద్‌ను 1246లో దించేశారు. రజియా దాదాపు మూడున్నరేళ్లు పాలించారు. ఆ మగవారి వైఫల్యానికి వారి పురుషత్వమే కారణమని ఎవరూ రాయలేదు.

ఇది దిల్లీకే పరిమితమైన కథ కాదు. ఈజిప్టు రాణి హత్‌షెప్‌సుత్ శిల్పాల్లో ఫారోల పెట్టుడు గడ్డంతో కనిపిస్తారు. ఆమె మరణించాక పేరును గోడల మీద నుంచి చెక్కేశారు. రజియా తర్వాత రెండు దశాబ్దాలకు ఓరుగల్లును ఏలిన రుద్రమదేవి శాసనాల్లో 'రుద్రదేవ మహారాజు'.

రజియా పేరును ఎవరూ చెరిపేయలేదు. కానీ ఆమె రాజకీయం మాత్రం ప్రేమకథ చాటున మరుగున పడింది.